తడి చూడాలమ్మా!

మీటరాయన ఉద్యోగానికి ఎసరు పెట్టింది నేనేనని మా వీధిలో ఒక పుకారు తిరుగుతోంది. పుకార్ల పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. ఈ వీధి పుకార్లలో సగం మా గుమ్మం మెట్ల మీదే తప్పటడుగులు నేర్చుకున్నాయి. కాబట్టి దీన్ని సరిదిద్దాల్సిన బాధ్యతా నాదే. నేను ఎసరూ పెట్టలేదు, మంటా పెట్టలేదు. ఒక ఉత్తరం పెట్టాను. అంతే.

లోకంలో మీటరాయనలందరూ మీటర్లు చూస్తారు. మా మీటరాయన బాత్రూములు చూస్తాడు. నెలకోసారి భుజాన సంచీ, చేతిలో అంకెలు కొట్టుకునే మిషనూ, చెవి సందున పెన్సిలూ పెట్టుకుని వీధి మొదట్లో తేలతాడు. గుమ్మంలోకి రాగానే మీటరు వైపు ఒక్క చూపు చూసి, అంకె కొట్టేసి, గొంతు సవరించుకుని, "అమ్మా, తడి చూడాలి!" అంటాడు.

"ఏం తడి?" అని కొత్తలో ఒకరిద్దరు అడిగారు.

"బాత్రూం తడమ్మా. గోడలోంచి పాకుతుంది. పాకి పాకి మీటరు దాకా వస్తుంది. వచ్చిందంటే ఇహ..." అని చెయ్యి గాల్లో ఒక్క తిప్పు తిప్పి ఊరుకునేవాడు.

ఆ తిప్పులో ఏముందో గానీ, చూసినవాళ్లకి ఇల్లు భగ్గుమన్నంత పనయ్యేది. వెంటనే దారి ఇచ్చేవాళ్లు. ఆయన గబగబా లోపలికి వెళ్లి గడియ పెట్టుకునేవాడు. అయిదు నిమిషాలు, పది నిమిషాలు, ఒక్కో నెల ఇరవై. బయటికొచ్చి, "పొడిగానే ఉందమ్మా, భయం లేదు" అని చెప్పి, చెవి సందు పెన్సిలు తీసి, జేబులోని బుల్లి పుస్తకంలో ఏదో గుర్తు పెట్టుకుని వెళ్లిపోయేవాడు.

ఆయన వెళ్లిన ఇంట్లో కారే కొళాయి కారడం మానేసేది. బిగుసుకుపోయిన గడియ వెన్న రాసినట్టు జారేది. జేబు నిండా రబ్బరు వాషర్లు, చిన్న స్క్రూడ్రైవరు పెట్టుకుని తిరిగేవాడాయె. ఇక నమ్మక చస్తారా? మా వీధి ఆయనకి "తడి ఆఫీసరు" అని బిరుదు ఇచ్చేసింది.

బాత్రూం తడిగా ఉంటే కరెంటు పీకేస్తారట అన్న మాట ఎలా పుట్టిందో నాకు తెలియదు. పుట్టించింది ఎదురింటి వదిన. నేను నాలుగిళ్లకి మోశాను, అంతే. ఆ రోజు నుంచి మీటరు తేదీ వస్తోందంటే మా వీధిలో చీపురు చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ వినిపించేది కాదు. ఎదురింటి వదిన పొద్దున్నే స్నానం కానిచ్చి, నేలంతా పాత తువ్వాలుతో తుడిచి, మొగుడికి అడ్డంగా నిలబడేది.

"ఒక్కసారి వెళ్లొస్తానే," అని ఆయన బతిమాలేవాడు.

"ఆఫీసరు వచ్చి వెళ్లేదాకా కుదరదు."

"ఆయనెప్పుడొస్తాడో!"

"అప్పటిదాకా ఓపిక పట్టండి. లేదా మాస్టారింటికి వెళ్లండి."

మాస్టారు, అంటే మూలింటి రిటైర్డ్ సైన్సు మాస్టారు, ఆ రోజు వీధిలోని మగవాళ్లందరినీ తన గుమ్మంలోంచే వెనక్కి తిప్పేవాడు. ఆయనదీ తుడిచిన బాత్రూమే మరి. పైగా గోడకి ఒక సముద్రం బొమ్మ కూడా తగిలించాడు. "తడి అంటే బొమ్మలో మాత్రమే ఉండాలి," అని చెప్పుకునేవాడు.

ఇంతకీ మీటరాయనకి ఊళ్లో ఇంకో పేరు ఉండేది, నిజాయితీపరుడని. లంచం సంగతి దేవుడెరుగు, మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు.

"కాస్త టీ తాగు నాయనా, ఎండన పడి వచ్చావు."

"డ్యూటీలో ఏదీ ముట్టను పిన్నిగారూ."

"పోనీ మజ్జిగ?"

"మజ్జిగ అసలే ముట్టను."

ఇంత నిప్పులాంటి మనిషిని ఆఫీసు ఎందుకు పైకి తేవట్లేదా అని వీధంతా బాధపడేది. నేనింకా ఎక్కువ బాధపడ్డాను, ఎందుకంటే నేను బెల్టు చూశాను. ఒక నెల ఆయన బెల్టుకి అయిదు చిల్లులుంటే మూడు నెలలకి ఏడయ్యాయి. మేకుతో పొడిచినట్టున్న చిల్లులు. మనిషి కొన్నాళ్లు నిగనిగలాడుతూ వచ్చేవాడు, కొన్నాళ్లు పాలిపోయి, పీక్కుపోయి, ప్రతి మెట్టునీ మొహమాటంగా ఎక్కేవాడు. ఇంట్లో భార్య సరిగ్గా అన్నం పెట్టట్లేదని నేను తేల్చేశాను. తేల్చిన విషయం దాచుకోవడం నా వంశంలో లేదు కనక వారంలో ఆ సంగతి వీధి దాటింది. పాపం ఆవిడ ఎవరో, ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు.

సంచీ సంగతి మరొకటి. ఒకసారి ఆయన ఎదురింటి మెట్ల మీద పెడితే కాస్త జరిపినట్టే జరిపి చేత్తో నొక్కి చూశాను. మెత్తగా ఉంది. దిండు! ఓహో, ఇరవై నిమిషాలు లోపల ఏం చేస్తాడా అనుకున్నాను, ఇదన్న మాట సంగతి అని మాస్టారితో అన్నాను. మాస్టారు ముక్కు మీద వేలేసుకుని, "పడుకున్నా, తడి అయితే పోలేదుగా," అన్నాడు. అంత నమ్మకం.

మూడేళ్ల కిందట దీనికి తోడు రెండో తనిఖీ మొదలైంది. "నెల మధ్యలో మా లేడీస్ స్టాఫ్ వచ్చి తడి చూస్తారమ్మా, అడ్డు చెప్పకండి," అని ఇంటింటికీ చెప్పి వెళ్లాడట. ఆ స్టాఫ్ ఎవరయ్యా అంటే ఉత్తరాలిచ్చే అమ్మాయి, వీధి ఊడ్చే ఆవిడ, పిల్లలకి టీకాలు వేసే నర్సమ్మ! నేను గేటు దగ్గర పట్టుకుని నిలదీశాను.

"కరెంటుకీ ఉత్తరాలకీ ఏం సంబంధం నాయనా?"

"గవర్నమెంటంతా ఒకటే కదా పిన్నిగారూ!"

ఒకటి మాత్రం గమనించాను. అంతకుముందు ఉత్తరాలమ్మాయి ఎర్రటి ఎండలో గుమ్మంలో నిలబడి కూడా, మంచినీళ్లిస్తానంటే "వద్దు పిన్నిగారూ" అనేది. ఈ మూడేళ్లుగా అడిగి మరీ చెంబెడు తాగుతోంది. ఎందుకో నాకు అప్పట్లో తట్టలేదు. అన్నీ నాకే తట్టాలంటే ఎలా?

సరే, వీధి వీధంతా ఇలా తడి చూపించుకుంటూ ఉంటే, మా ఇంట్లో మాత్రం ఆయన చూడడు. మా మీటరు గేటు పక్క గోడకి ఉంది. గేటవతలే మునివేళ్ల మీద లేచి, అంకె కొట్టుకుని, "వస్తానండీ పిన్నిగారూ," అని అప్పటికే పక్క వీధిలో ఉన్నవాడిలా మాయమైపోతాడు.

"మా తడి చూడవా నాయనా?"

"మీ ఇంట్లో ఉండదండీ, నాకు తెలుసు."

"చూడకుండా ఎలా తెలుసు?"

"మీ గోడ మొహం చూస్తే తెలిసిపోతుందండీ!"

ఎనిమిదేళ్లు. తొంభైఆరు నెలలు. నెలనెలా నేను ఇటుకపొడి పెట్టి నేల తోమాను. కొత్త మగ్గు కొన్నాను. పెద్ద బల్బు పెట్టించాను. అతిథికోసమని ఉతికిన తువ్వాలు మేకుకి తగిలించాను. ఆ తువ్వాలు మడత విప్పకుండానే వెలిసిపోయింది. ఒకనాడు ఎదురింటి వదిన వచ్చి అన్నీ చూసి, జాలిగా, "పోనీలెండి పిన్నిగారూ, కొన్నిళ్లు ఆఫీసు వాళ్ల లెక్కలోకి రావేమో," అంది. ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు రోజులు అన్నం సహించలేదు.

అయిదో రోజు కాగితం తీశాను. నేను చదివింది కొంచెమే అయినా రాయాల్సింది ఉన్నప్పుడు కలం ఆగదు.

"కరెంటాఫీసు పెద్దలకు నమస్కారాలు. మా వీధిలో అందరి బాత్రూముల తడీ నెలనెలా చూస్తున్న తమ ఉద్యోగి, ఎనిమిదేళ్లుగా మా ఇంటి తడి చూడలేదు. మేమూ మనుషులమే. మాకూ కరెంటుంది. కావున తమరు దయతలచి మా బాత్రూం కూడా తనిఖీ చేయించవలెను."

మా ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "పంపకు," అన్నాడు.

"ఎందుకు?"

"ఎందుకో చెప్పలేను. నువ్వు రాసిన ఏ ఉత్తరం వల్లా ఎవరికీ మేలు జరిగినట్టు నాకు గుర్తులేదు."

అందుకే పంపాను.

పది రోజులకి జవాబొచ్చింది. ఉత్తరాలమ్మాయే తెచ్చింది. ఆఫీసు ముద్ర చూసి ఎదురింటి వదినకి వినపడేలా గట్టిగా చదవడం మొదలుపెట్టాను. "తమ ఫిర్యాదు అందినది. బాత్రూం తనిఖీ అను విధి మా కార్యాలయములో ఏ ఉద్యోగికీ లేదు..." అక్కడ నా గొంతు దిగింది. "సదరు ఉద్యోగి పని వదలి ఇళ్లలో దూరుచున్నట్లు తమ లేఖ వలన తెలియుచున్నది. సోమవారం ఉదయం సూపర్‌వైజరు స్వయముగా వచ్చి విచారించెదరు. నిజమని తేలినచో ఉద్యోగము నుండి తొలగించబడును."

ఉత్తరాలమ్మాయి చేతిలోని కట్ట మెట్ల మీద జారిపడింది.

"ఎంత పని చేశారు పిన్నిగారూ!"

"నేనేం చేశానే? మా తడి చూడమన్నాను గానీ..."

"ఆయన పోతే మేం ముగ్గురం ఏమైపోవాలి?" అని కళ్లు తుడుచుకుంటూ ఉత్తరాలు ఏరుకుని వెళ్లిపోయింది. ఆ రోజు మంచినీళ్లు కూడా అడగలేదు.

నేను కుక్కిన పేనులా కూర్చున్నాను. మా ఆయన ఆ జవాబు కూడా కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

ఆ సాయంత్రమే వీధిని పోగేసి తప్పు ఒప్పేసుకున్నాను. తిట్టాల్సినవాళ్లు తిట్టారు. ఆ తర్వాత ఉపాయం నేనే చెప్పాను. "సోమవారం వచ్చే పెద్దమనిషికి ప్రతి ఇంట్లోనూ టీ ఇవ్వండి. మనవాణ్ణి నోరారా పొగడండి. కడుపు చల్లబడితే కలం మెత్తబడుతుంది."

సోమవారం సూపర్‌వైజరు వచ్చాడు. ఇస్త్రీ మడత చెదరని మనిషి. చేతిలో ఫోను, అందులో క్షణాలు పరుగెత్తే గడియారం. "ఇంటికి రెండు నిమిషాలు. అదీ మా ఆఫీసు లెక్క," అని వీధి మొదట్లోనే ప్రకటించాడు. వెనకాల మన మీటరాయన, తల దించుకుని, సంచీని పొట్టకి అదుముకుని. అవి ఆయనకి పాలిపోయే రోజులు. బెల్టుకి ఎనిమిదో చిల్లు పడి ఉంది.

అక్కడొక ఇల్లు, ఇక్కడొక ఇల్లు ఎంచి సూపర్‌వైజరు విచారణ సాగించాడు. వీధి నా మాట తు.చ. తప్పకుండా పాటించింది. అదే కొంప ముంచింది.

"ఈయన మీ ఇంట్లోకి వస్తాడా?" అని అడిగాడు ఎదురింట్లో.

"రాకేం సార్! ఎనిమిదేళ్లలో ఒక్క నెల మానలేదు!" అంది వదిన మురిసిపోతూ.

"ఎంతసేపు ఉంటాడు?"

"ఇరవై నిమిషాలైనా సరే, విసుక్కోకుండా చూస్తాడు. టీ తీసుకోండి."

"నిద్రపోయినా పని చెడనివ్వడు సార్. సంచీలో దిండుంటుంది," అని మాస్టారు తన వంతు సాయం చేశాడు. "తడి పాకడం శాస్త్రీయమే. టీ తీసుకోండి."

ఒక్కో పొగడ్త ఒక్కో నేరం కింద కాగితం ఎక్కింది. పదకొండిళ్లు, పదకొండు టీలు. వద్దంటే ఊరుకునే వీధి కాదు మాది. ఎండ ముదిరింది. పన్నెండో ఇల్లు, ఫిర్యాదుదారు ఇల్లు, అంటే మాది వచ్చేసరికి సూపర్‌వైజరు నడకలో ఏదో తేడా వచ్చింది. మాట మాటకీ కాలు మార్చుకుంటున్నాడు. వెనకాల మీటరాయన అంతకన్నా అన్యాయంగా ఉన్నాడు. నుదుటి మీద చెమట, గేటు ఊచ పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. రెండు గంటలుగా పై అధికారి పక్కనే ఉన్నాడు. తడి చూడాలని ఏ ఇంట్లో అనగలడు?

"ఈ ఉత్తరం రాసింది మీరేనా?" అన్నాడు సూపర్‌వైజరు.

"నేనే నాయనా. కానీ దాని అర్థం..."

"అమ్మా, అర్థం తర్వాత." ఆయన గొంతు సన్నబడింది. అటూ ఇటూ చూశాడు. "మీ ఇంట్లో... ఒకసారి... బాత్రూం..."

నా చెవుల్ని నేను నమ్మలేకపోయాను. ఎనిమిదేళ్లు ఎదురుచూసిన మాట, మామూలు మీటరాయన నోట కాదు, వాళ్ల పై అధికారి నోట! "రండి రండి!" అని దారి తీశాను. ఆయన గడియ పెట్టుకున్నాడు. మర్యాద తెలిసినదాన్ని కనక తలుపవతలే నిలబడ్డాను.

"బల్బు వెలుగు చాలిందా నాయనా?"

"చాలింది."

"తువ్వాలు మీకోసమే. నేల చూశారా? ఇటుకపొడితో తోమాను. మీకు పిల్లలెంతమంది?"

"అమ్మా, దయచేసి కాస్త..."

ఇంతలో గేటు కిర్రుమంది. చూద్దును కదా, మీటరాయన వీధికి అడ్డంగా, చెప్పు ఒకటి మా గేటు దగ్గరే వదిలేసి, ఎదురింట్లోకి పరుగు! "తడీ!" అన్న ఒక్క ముక్క మాత్రం వినపడింది. వదిన గోడకి అతుక్కుపోయి దారి ఇచ్చింది.

తర్వాత జరిగింది వీధంతా కళ్లారా చూసింది. ఇటు మా ఇంట్లోంచి సూపర్‌వైజరు, అటు ఎదురింట్లోంచి మీటరాయన, ఒకేసారి గుమ్మాల్లోకి వచ్చారు. ఇద్దరి మొహాల్లోనూ ఒకటే నిమ్మళం. ఒకరినొకరు చూసుకున్నారు.

సూపర్‌వైజరే ముందు నోరు తెరిచాడు. "నీకూనా?"

"నాకు రోజూ సార్," అన్నాడు మీటరాయన.

ఒంటి చెప్పుతో వీధి దాటి వచ్చి మా మెట్ల మీద కూలబడ్డాడు. ఎనిమిదేళ్లు మోసిన మూట దించినట్టు చెప్పాడు.

"పెద్ద పేగులో పుండ్లు సార్. పదకొండేళ్లయింది. పోయే జబ్బు కాదు. మందులు వేసుకుంటే కొన్నాళ్లు పడుకుంటుంది, మళ్లీ లేస్తుంది. లేచిందంటే, కబురొచ్చాక రెండు నిమిషాలే టైము. మీరు ఇంటికిచ్చినట్టే. అందుకే డ్యూటీలో ఏదీ ముట్టను. ఇది దిండు కాదు మాస్టారూ," అని సంచీ విప్పి చూపించాడు, "ఇంకో ప్యాంటు."

మాస్టారు సంచీ వంక చూడలేక నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను.

"మరి ఆఫీసులో కుర్చీ పని అడగొచ్చుగా? ఎండలో తిరగడం ఎందుకు?" అన్నాడు సూపర్‌వైజరు.

"కుర్చీలోంచే పారిపోయి వచ్చాను సార్. అక్కడ నలభైమందికి ఒకటే బాత్రూం. తాళంచెవి హెడ్‌క్లర్కు సొరుగులో. పుస్తకంలో సంతకం పెట్టి తీసుకోవాలి. ఒకరోజు తొమ్మిది సంతకాలు పెట్టాను. ఆయన నలుగురికీ చదివి వినిపించాడు. ఇక్కడైతే ఇటు అరవై తలుపులు, అటు అరవై. ఇంతకన్నా మంచి ఆఫీసు నాకెక్కడ దొరుకుతుంది?"

"చెప్పుకోవచ్చు కదయ్యా!"

"కాలు విరిగితే కట్టు చూపించొచ్చు సార్. దీన్ని ఎలా చూపించను?"

సూపర్‌వైజరు ఫోనులో పరుగెత్తుతున్న గడియారాన్ని ఆపేశాడు. అయినా అధికారి కదా, పట్టు వదల్లేదు. "సరే, నీ అవసరానికి నువ్వొక రూలు పుట్టించుకున్నావు. ఆ రెండో తనిఖీ ఏమిటి? ఉత్తరాలమ్మాయికీ నీ పేగుకీ ఏం సంబంధం?"

మీటరాయన గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. గోడ పక్కన ఉత్తరాల కట్టతో నిలబడ్డ అమ్మాయి ముందుకొచ్చింది.

"నేను చెబుతాను సార్. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరితే మధ్యాహ్నం మూడింటిదాకా నడకే. నీళ్లు తాగితే ఎక్కడికి పోవాలి? అందుకని తాగేదాన్ని కాదు. ఒకరోజు ఆ మలుపులో కళ్లు తిరిగి పడ్డాను. ఈ అన్నయ్యే లేపాడు. ఎందుకు నీళ్లు తాగవని అడిగాడు. నేను సిగ్గుపడి చెప్పలేదు. చెప్పకపోయినా ఆయనకి తెలిసిపోయింది. మర్నాడే రెండో తనిఖీ పెట్టాడు. తన బుల్లి పుస్తకం చూసి నాకొకటి రాసిచ్చాడు. ఏ ఇంట్లో గడియ గట్టిది, ఎక్కడ నీళ్లు ఎప్పుడూ ఉంటాయి, ఎవరు మొహం ముడవరు, అన్నీ. నర్సమ్మకీ, ఊడ్చే అక్కకీ కూడా ఇచ్చాడు."

తడి పాకిందంటే పాకింది మరి, అందరి కళ్లకీ. ముందు తేరుకున్నది ఎదురింటి వదిన. "ఓసి పిచ్చిదానా, నన్నడిగితే నేను కాదంటానా?" అంది ఉత్తరాలమ్మాయితో.

"అడగలేం కదా వదినా," అన్నాడు మీటరాయన. "ఆఫీసు రూలంటే మీరు దారి ఇస్తారు, వాళ్లు తల ఎత్తుకుని లోపలికెళ్తారు."

సూపర్‌వైజరు చాలాసేపు పెన్ను నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆఖరికి, "డాక్టరు చీటీ తెచ్చి నా బల్ల మీద పెట్టు. ఇంటికి రెండు నిమిషాల లెక్క నీకొద్దు. వీధికి ఒక పూట. ఆ పూటలో ఎక్కడ ఎంతసేపు ఉన్నావో నాకనవసరం," అన్నాడు. అని కాగితం మీద ఏదో రాసి నాకు ఒక నకలు ఇచ్చాడు. అది ఇప్పుడు అద్దం కట్టించి మా ముందుగదిలో పెట్టుకున్నాను. ఎవరైనా వచ్చి చూడొచ్చు: "ఫిర్యాదుదారు బాత్రూమును నేను స్వయముగా తనిఖీ చేసితిని. పొడిగా ఉన్నది. ఫిర్యాదు పరిష్కరించబడినది."

అది చూశాక ఎదురింటి వదిన ఆఫీసు లెక్కలో లేని ఇళ్ల గురించి మళ్లీ మాట్లాడలేదు. ఆఫీసులో ఆ తాళంచెవి కూడా హెడ్‌క్లర్కు సొరుగులోంచి బయటపడి, ఇప్పుడు గోడ మేకుకి వేలాడుతోందట. సంతకాల పుస్తకం ఏమైందో ఎవరికీ తెలియదు. ఇదీ జరిగింది. ఇప్పుడు చెప్పండి, ఎసరు పెట్టానా నేను?

ఆ మరుసటి నెల మీటరాయన వచ్చాడు. బెల్టు రెండు చిల్లులు వెనక్కి వచ్చింది. వీధికి నిజం తెలిసినా ప్రతి గుమ్మంలోనూ "తడి చూడాలమ్మా" అనే అంటున్నాడు, వాళ్లూ నేల తుడిచే ఉంచుతున్నారు. అలవాటైన రూలు ఊరికే పోదు. మా దగ్గరికి వచ్చి మాత్రం ఎప్పట్లాగే గేటవతల మునివేళ్ల మీద లేచాడు. నేను గేటు తీసుకుని ఎదురుగా నిలబడ్డాను.

"ఈ రోజు అటో ఇటో తేలాలి నాయనా. నీ జబ్బు తెలిసింది, సంచీ తెలిసింది, పుస్తకం తెలిసింది. నూటఇరవై తలుపుల్లో నా తలుపొక్కటే ఎందుకు కానిదైంది? నిజం చెప్పు."

"చెబితే ఏమీ అనుకోరుగా?"

"అనుకోను." అనుకుంటానని ఇద్దరికీ తెలుసు.

అప్పుడు మీటరాయన మిషను సంచీలో పెట్టుకుని, పెన్సిలు చెవి సందున దోపుకుని, నవ్వు ఆపుకుంటూ చెప్పాడు.

"ఎనిమిదేళ్ల కిందట ఈ వీధిలో నేను తట్టిన మొదటి తలుపు మీదే పిన్నిగారూ. మీకు గుర్తులేదు. రూలూ లేదు, గీలూ లేదు, బాత్రూం వాడుకోవచ్చా అని ఉన్నమాటే అడిగాను. మీరు చల్లగా రమ్మన్నారు. నేను గడియ పెట్టుకున్నాక తలుపవతల పీట వేసుకుని కూర్చున్నారు. 'ఏం తిన్నావు నాయనా? ఎన్నాళ్లనుంచి ఇలా? డాక్టరేమన్నాడు? మీ నాన్నకీ ఉందా? పెళ్లయిందా? ఆ పిల్లకి తెలుసా?' అని నలభై ప్రశ్నలు వేశారు. ఇంకో రెండు నిమిషాలు ఉంటే జబ్బు పేరుతో సహా చెప్పేసేవాణ్ణి, సాయంత్రానికి వీధంతా తెలిసేది. వచ్చిన పని పూర్తికాకుండానే బయటపడి, పక్కింటి మెట్లెక్కుతూ ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే నోటికొచ్చిన మాటే 'తడి చూడాలమ్మా'. ఆ రూలు పుట్టింది మీ ఇంట్లోనే. ఇన్నాళ్లూ నా ఉద్యోగాన్నీ, ఆ ముగ్గురి దాహాన్నీ కాపాడింది మీ నలభై ప్రశ్నలే. ఇక ఇప్పుడు మీకు తెలియనిదేదీ మిగల్లేదు కనక నాకు భయం లేదు. కాస్త గేటుకి అడ్డం తప్పుకోండి పిన్నిగారూ, తొందరగా... తడి చూడాలి!"